మా రోజుల్లో వినే పని మనదే

పెద్ద కంపెనీ నడిపే మనిషి పొద్దున ఎన్నింటికి లేస్తాడు, లేచాక ఏం తాగుతాడు, ఎంత దూరం పరుగెత్తుతాడు, మంచం పక్కన ఏ పుస్తకం పెట్టుకుంటాడు, ఇవాళ ఇదంతా వార్తే. మా మనవడు ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాడి ఫోను నిండా ఇవే కబుర్లు. ఫలానా ఆయన నాలుగింటికే లేస్తాడట, ఇంకో ఆయన చన్నీళ్ళలో మునుగుతాడట. వాడూ కొన్నాళ్ళు నాలుగింటికి లేచాడు. లేచి ఏం చేస్తున్నావురా అంటే, లేచినట్టు స్నేహితులకు ఫొటో పంపుతున్నానన్నాడు. మా రోజుల్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి పని ఉండేది. వాళ్ళ నిద్ర లెక్కలు మాకెందుకు?

నేను ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో చేసి రిటైరైనవాణ్ణి. 1967లో ఆ సంస్థను హైదరాబాదులో నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. బనారసులో చదివి, స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్ళి, తిరిగొచ్చి ట్రాంబేలో హోమీ భాభా దగ్గర పనిచేసిన మనిషి. పరాయి దేశాల నుంచి తెచ్చుకునే పరికరాలు మనమే చేసుకోవాలని పట్టుబట్టి కూర్చున్నారు. టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో అలా వచ్చింది. దాని మెమరీ నాలుగు వేల పదాలు, ఒక్కో పదానికి 12 బిట్లు. ఇవాళ చేతిలో ఫోను తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ యంత్రాన్ని చూసి మేం పొంగిపోయాం. రావుగారు తెల్లవారి ఎన్నింటికి లేచేవారో మాకు తెలియదు, అడగాలని తోచనూ లేదు. ఆయన పేరు మీద ఏఎస్ రావు నగర్ ఉంది. అక్కడి దుకాణాల్లో పిల్లల్ని ఆ రావు ఎవరయ్యా అని అడిగి చూడండి, మీకే బాధేస్తుంది.

ఇంత చెప్పినవాణ్ణి సత్య నాదెళ్ల పేరు వినబడితే మాత్రం చెవి ఒగ్గుతాను. కారణముంది. మా తరానికి ఆయన ముందు యుగంధర్ గారబ్బాయి, తర్వాతే మైక్రోసాఫ్ట్ అధిపతి. అనంతపురం జిల్లా బుక్కాపురం నుంచి వచ్చి 1962 బ్యాచ్‌లో ఐఏఎస్ అయిన బి.ఎన్. యుగంధర్ పేరు చెబితే మా రోజుల్లో ఆఫీసుల్లో జనం కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు. గ్రామీణాభివృద్ధి, మెట్ట భూముల్లో నీటి సంరక్షణ ఆయన పట్టిన పనులు. ముస్సోరీలో ఐఏఎస్‌లకు శిక్షణనిచ్చే అకాడమీకి డైరెక్టరుగా చేశారు, పీవీగారు ప్రధానిగా ఉన్నప్పుడు ఆ కార్యాలయంలో పనిచేశారు, తర్వాత ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. అమ్మగారు సంస్కృతం చెప్పే లెక్చరరు. ఆ పిల్లవాడు శ్రీకాకుళం, తిరుపతి, ముస్సోరీ, ఢిల్లీ అని తిరిగి తిరిగి చివరికి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో పడ్డాడు. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన బడి అది. అడోబీ శంతను నారాయణ్, ఇవాళ ప్రపంచ బ్యాంకును నడుపుతున్న అజయ్ బంగా కూడా అక్కడివాళ్ళే.

సత్య తన పుస్తకంలో రాసుకున్న సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. తండ్రి తెచ్చి గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ తగిలించాడు. తల్లి దానికి జవాబుగా లక్ష్మీదేవి పటం పెట్టింది. పిల్లవాడికి కావలసింది మాత్రం క్రికెటర్ ఎం.ఎల్. జైసింహ బొమ్మ. ఆ మాట దగ్గర నేను ఆగి మళ్ళీ చదివాను. మా తరం హైదరాబాదీ ఎవరైనా ఆగుతాడు. మెడపట్టీ పైకెత్తి, తెల్లటి సిల్కు చొక్కాలో ఫతే మైదాన్ మెట్లు దిగి వస్తుంటే, ఆయన బ్యాటు ఎత్తక ముందే జనం లేచి నిలబడేవారు. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఆడిన టెస్టులో ఐదు రోజులూ బ్యాటు పట్టి క్రీజులోకి వెళ్ళినవాడు జైసింహ. అంతకు ముందు ప్రపంచంలో ఎవరూ అలా ఆడలేదు. 1968లో బ్రిస్బేన్‌కు విమానంలో హడావుడిగా పిలిపిస్తే, దిగి సరిగ్గా అలవాటైనా పడకుండానే 74, 101 కొట్టాడు. పటౌడీ నవాబు భారత జట్టుకు కెప్టెన్ అయ్యుండి కూడా రంజీలో హైదరాబాదుకు వచ్చి జైసింహ కింద ఆడాడు. అదీ ఆ మనిషి స్థాయి.

ఆటంటే ఆ రోజుల్లో మధ్యాహ్నం మధ్యాహ్నమంతా కూర్చోవడం. గంటన్నర సేపు ఒక్క బౌండరీ పడదు. అయినా ఎవరూ లేచి పోరు. బౌలరు ఫీల్డరును రెండడుగులు పక్కకు జరిపితే ఎందుకు జరిపాడా అని మా పక్కనున్న ముసలాయన విప్పి చెప్పేవాడు. బంతి తిరగడం లేదు, గాలి మారింది, టీ తర్వాత చూడు అనేవాడు. టీ తర్వాత నిజంగానే వికెట్టు పడేది. ఆ ముసలాయన చెప్పింది నిజమో కాదో తెలుసుకోవడానికి మేం రెండు గంటలు కూర్చున్నాం. అక్కడే నేర్చుకున్నాం చూడటం, వినడం, ఓపిక పట్టడం.

సత్యకు ఈ రుచి తెలుసు. టెస్టు క్రికెట్టు ఎందుకిష్టమని అడిగితే, రష్యన్ నవల చదివినట్టుంటుందని, లోపల ఎన్నో ఉపకథలు నడుస్తుంటాయని ఆయన చెప్పాడు. కవిత్వం చదువుతాడు. పేజీలు పట్టే సంగతిని రెండు పంక్తుల్లో ఇమిడ్చే విద్య కవితకూ మంచి కోడుకూ ఒకటేనని ఆయన అభిప్రాయం. 2014 ఫిబ్రవరి 4న సీఈఓ అయిన రోజు సిబ్బందికి రాసిన ఉత్తరంలో, చదవగలిగినదానికన్నా ఎక్కువ పుస్తకాలు కొంటాను, పూర్తి చేయగలిగినదానికన్నా ఎక్కువ కోర్సుల్లో చేరతాను అని రాశాడు. అది చదివి, మనవాడు అని నేను మా ఆవిడతో గర్వంగా చెప్పుకున్నాను. పదవిలోకి రాగానే పై అధికారులందరి చేతా మార్షల్ రోజెన్‌బర్గ్ పుస్తకం చదివించాడు. ఎదుటివాడి మాట వెనక వాడికి కావలసిందేమిటో చెవిపెట్టి వినడం ఆ పుస్తకం చెప్పే విద్య. ఒకరినొకరు తినేసే కంపెనీ అని పేరున్న చోట అన్నీ తెలిసినవాళ్ళు కాదు, అన్నీ నేర్చుకునేవాళ్ళు కావాలి అన్నాడు. శుక్రవారాల్లో పెద్దల సమావేశం పెట్టి, కంపెనీలో ఎక్కడో మూలనున్న పిల్లల చేత వాళ్ళు చేస్తున్న పని చెప్పించి విన్నాడు. విన్నందుకే ఆ కంపెనీ మళ్ళీ లేచిందని నా నమ్మకం. 2025 జూలైలో దాని విలువ నాలుగు లక్షల కోట్ల డాలర్లు దాటింది.

ఇక నా గోడు ఎక్కడ మొదలైందో చెబుతాను. అదే సత్య 2025లో ఒక పత్రికకు తన దినచర్య చెప్పాడు. పాడ్‌కాస్టులంటే ఇష్టమట. కానీ వాటిని వినడట. ఎవరో ఇద్దరు గంటన్నర కూర్చుని మాట్లాడుకున్నది అక్షరాల్లోకి మార్చి, ఆ ప్రతిని తన ఫోన్లోని కోపైలట్ అనే ఏఐకి ఎక్కిస్తాడట. రెడ్మండ్ ఆఫీసుకు కార్లో వెళ్తూ, ఆ మాటల గురించి కోపైలట్‌తో మాట్లాడతాడట. వచ్చిన ఈమెయిళ్ళు, సందేశాలు కుదించి చెప్పేదీ అదే. సమావేశాలకు సిద్ధం చేయడానికి, విషయాలు వెతికి పెట్టడానికి కనీసం పది ఏఐ ఏజెంట్లు తన దగ్గర పనిచేస్తున్నాయని చెప్పాడు.

ఇది చదివి నాకు మనసు కష్టమైంది.

ఆయన తీరిక లేని మనిషి, అది నాకు తెలుసు. రెండు లక్షల పైచిలుకు మందిని నడిపేవాడు ప్రతి ఉత్తరం తానే చదవలేడు. యుగంధర్ గారికీ కింద ఫైలు చదివి నోట్ రాసేవాళ్ళు ఉండే ఉంటారు. నోట్ రాసిన గుమాస్తాను పిలిచి, ఇది ఎందుకు వదిలేశావయ్యా అని అడిగే వీలు అప్పుడుండేది. ఆ గుమాస్తాకు ఒక ఊరుంది, ఒక భయం ఉంది, ఒక పక్షపాతం ఉంది. అవన్నీ లెక్కలో వేసుకునే పెద్ద అధికారి ఆ నోట్ చదివేవాడు. సరే, ఉత్తరాల సంగతి వదిలేస్తాను. పాడ్‌కాస్టు మాత్రం ఉత్తరం కాదు, సరదాకు వినేది. మనిషి గొంతు వినడానికే అది పుట్టింది. చెప్పేవాడు ఎక్కడ తడబడ్డాడు, ఏ ప్రశ్నకు నవ్వి తప్పించుకున్నాడు, ఏ పేరు రాగానే గొంతు మారింది, ఇవేవీ అక్షరప్రతిలో రావు. గొంతే లేకుండా వినడం ఏం వినడం? ఒకరు నమిలి పెట్టిన ముద్దలో రుచి ఉంటుందా?

యంత్రంతో తర్కిస్తే విషయం ఇంకా బాగా పడుతుంది తాతయ్యా, ఊరికే వినేకంటే మేలు కదా అని మా మనవడు వాదించాడు. ప్రశ్నలు వేసుకోవడం మంచిదే, కాదనను. అయితే విన్న తర్వాత పుట్టే ప్రశ్న వేరు, వినకుండా వేసే ప్రశ్న వేరు. రెండు గంటల ప్రసంగాన్ని వాడు ఐదు ముక్కలు చేయించుకుని చదివి, అంతా తెలిసిందన్నాడు. ఆ ప్రసంగం చేసినాయన మాటకు ఒప్పుకున్నావా అంటే తెల్లమొహం వేశాడు. ఒప్పుకోవడానికో విభేదించడానికో అసలు మనిషి ఎదుట పడలేదు కదా. పడ్డవి ఐదు ముక్కలు.

మేం ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న తీరు చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ముందు కోడింగ్ షీటు మీద పెన్సిలుతో రాసుకోవాలి. తర్వాత కార్డుల మీద రంధ్రాలు పొడిపించాలి. కార్డుకు 80 గడులు. మొదటి ఐదూ స్టేట్‌మెంటు నంబరుకు, ఆరోది పై కార్డు కొనసాగింపని చెప్పడానికి, ఏడు నుంచి 72 దాకా ఫోర్‌ట్రాన్ మాట. మిగిలిన ఎనిమిదింటిలో కార్డు క్రమసంఖ్య వేసుకునేవాళ్ళం. కట్ట చెయ్యి జారి కింద పడితే మళ్ళీ పేర్చుకోవాలిగా. కట్ట పై అంచు మీద పెన్నుతో ఏటవాలుగా గీత గీసేవాళ్ళం, ఒక్క కార్డు తారుమారైనా ఆ గీత విరిగి కనబడేది. సాయంత్రం కట్ట ఇచ్చి వస్తే మర్నాడు ప్రింటవుట్ చేతికొచ్చేది. ఒక్క కామా తప్పితే అంతే, ఒక రోజు పోయినట్టే. అందుకని ఇవ్వబోయే ముందు ఒకరిది ఒకరం పైకి చదివి వినిపించుకునేవాళ్ళం. వాడు చదువుతుంటే నేను వినాలి, నేను చదువుతుంటే వాడు వినాలి. యంత్రం పట్టుకునే తప్పు కంటే మా చెవులు పట్టుకున్న తప్పులే ఎక్కువ. ఆ కార్డులు మళ్ళీ రావాలని నేను అనడం లేదు. ఆ చదివి వినిపించుకోవడం పోకూడదని అంటున్నాను.

2025 ఏప్రిల్లో సత్యే ఒక వేదిక మీద చెప్పాడు, తమ కంపెనీ దాచుకున్న కోడులో 20 నుంచి 30 శాతం సాఫ్ట్‌వేరే రాసిందై ఉండొచ్చని. అదే ఏడు మేలో ఆరు వేల మందిని, జూలైలో తొమ్మిది వేల మందిని కంపెనీ తగ్గించింది. గచ్చిబౌలిలోనూ రెడ్మండ్‌లోనూ ఆ కంపెనీ జీతంతో నడిచే తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 1998లో ఆ కంపెనీ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాదుకు వచ్చినప్పుడు మా కాలనీలో పండగ చేసుకున్నాం. 2025 డిసెంబరులో ఆయన మన దేశానికి వచ్చి నాలుగేళ్ళలో 1,750 కోట్ల డాలర్లు పెడతామన్నాడు, హైదరాబాదులో పెద్ద డేటా సెంటర్ల ప్రాంతం సిద్ధమవుతోందన్నాడు. సంతోషం. భవనాలు వస్తాయి, కరెంటు ఖర్చవుతుంది. లోపల కూర్చుని నేర్చుకునే పిల్లలు ఎందరుంటారని నా బెంగ. కొత్తగా చేరిన కుర్రవాడు మొదట చేసే చిన్న పనులన్నీ యంత్రానికిస్తే, వాడు పెద్ద పని ఎక్కడ నేర్చుకుంటాడు?

ఆ పర్యటనలోనే బెంగళూరులో ఒక సంగతి జరిగింది. సెలవుల్లో కూర్చుని తానే సొంతంగా కట్టిన చిన్న యాప్ ఒకటి చూపించాడు. భారత టెస్టు జట్టులో ఎవరెవరు ఉండాలో రకరకాల ఏఐల చేత వాదింపజేసి తేల్చే యాప్ అది. తానే కూర్చుని కట్టుకున్నందుకు నాకు ముచ్చటేసింది. వాణిజ్యం పనులు ఇంకొకరికి అప్పగించి సాంకేతిక పని మీద కూర్చుంటానని 2025 అక్టోబరులో ప్రకటించినవాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు. కానీ టెస్టు జట్టును ఎంచే వాదన! ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌ను ఇద్దరం పంచుకుని తాగుతూ, జైసింహా అబ్బాస్ అలీ బేగా అని గొంతు పోయేలా అరుచుకున్న వాదన అది. అది తేలకూడదు. తేలిపోతే మర్నాడు మళ్ళీ కలవడానికి సాకేదీ?

ఆయన స్కూల్లో ఆడే రోజుల కథ ఒకటి పుస్తకంలో ఉంది. సత్య స్పిన్నరు. ఒక రోజు బౌలింగు బొత్తిగా కుదరలేదు. కెప్టెన్ బంతి తీసుకుని తానే వేసి వికెట్టు తీశాడు. తీసి, బంతి మళ్ళీ సత్య చేతికే ఇచ్చాడు. కుర్రవాడికి ధైర్యం వచ్చి వికెట్లు పడగొట్టాడు. నాయకత్వం అంటే ఏమిటో తనకు అక్కడ తెలిసిందని ఆయన రాశాడు. నేను ఏఐ గురించి అడిగేదీ ఇదే. అది బంతి తిరిగిస్తుందా? మా మనవడి చేతిలోంచి వ్యాసం రాయడం తీసుకుంది, చదవడం తీసుకుంది, ఇప్పుడు వినడం తీసుకుంటోంది. ఇంతవరకూ ఏదీ వెనక్కి ఇవ్వలేదు.

తిరిగిచ్చే యంత్రం కూడా ఉంటుంది. దానికి సాక్ష్యం సత్య ఇంట్లోనే ఉంది. పెద్దకొడుకు జైన్ 1996లో పుట్టాడు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీలోనే పెరిగాడు. పాటలంటే ప్రాణం. తనకు నచ్చిన పాట తానే మార్చుకోలేకపోయేవాడు. ముగ్గురు హైస్కూలు పిల్లలు కుర్చీ పక్కన ఒక సెన్సారు పెట్టి, చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చారు. జైన్ తలను పక్కకు తాకిస్తే పాట మారుతుంది. అంతే! ఆ పిల్లవాడి తరఫున పాట విని సారాంశం చెప్పే యంత్రాన్ని ఎవరూ చేయలేదు. వినేది అతనే, ఎంచుకునేదీ అతనే, యంత్రం చెయ్యి మాత్రం అందించింది. నాకు తెలిసిన మొత్తం కంప్యూటర్ చరిత్రలో ఇంతకంటే గొప్ప ప్రోగ్రాం లేదు. జైన్ 2022 ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు. ఆ తల్లి, అనూగారు, ఉద్యోగం మానేసి కొడుకును పెంచింది. ఆ ఇల్లు పడ్డ కష్టం ముందు నా సణుగుడు చిన్నదే, అయినా చెప్పాల్సింది చెప్పక తప్పదు.

ఆయన మిగతా అలవాట్లలో నాకు పేచీ లేదు. పొద్దున మంచం దిగి పాదాలు నేల మీద ఆనించి, దేనికి రుణపడి ఉన్నాను, ఇవాళ దేనికి ఎదురు చూస్తున్నాను అని ఒకటిన్నర నిమిషం తలుచుకుంటాడట. మైకేల్ జెర్వే అనే క్రీడా మనస్తత్వ నిపుణుడు నేర్పాడట. మా అమ్మ కూడా నేల మీద కాలు పెట్టే ముందు భూదేవికి దణ్ణం పెట్టేది, దానికి ఏ నిపుణుడూ రాలేదు. సియాటిల్ ఆర్కాస్ జట్టులో పెట్టుబడి పెట్టాడు, లార్డ్స్‌లో ఆడే లండన్ స్పిరిట్‌లో వాటా కొన్న బృందంలో చేరాడు. అవి పొట్టి క్రికెట్లు, ఒకటి ఇరవై ఓవర్లు, ఒకటి నూరు బంతులు. రష్యన్ నవల ప్రేమించిన మనిషి డబ్బు మాత్రం చిన్న కథల మీద పెట్టాడని నాకు కొంచెం నొప్పి. అమెరికాలో క్రికెట్టు నిలబడాలంటే అలాగే మొదలెట్టాలేమో, నిలబడితే మంచిదే.

సత్యా, నువ్వు మా ఊరి పిల్లవాడివి, మీ నాన్నగారి తరం మనిషిని కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను. నువ్వు ఏం చేస్తే కోట్లమంది పిల్లలు అదే చేస్తారు. నీకు రష్యన్ నవలలు, ఐదు రోజుల ఆటలు, కవిత్వం ముందే లోపలున్నాయి. నువ్వు సారాంశం చదివినా ఆ పాతిక ముప్పై ఏళ్ళ నిల్వ నిన్ను కాపాడుతుంది. మా మనవడికి ఆ నిల్వ లేదు. వాడు సారాంశంతోనే మొదలెడుతున్నాడు. ఈసారి ఎవరైనా నీ దినచర్య అడిగితే, ఇవాళ కార్లో ఒక మనిషి మాట మొదటి నుంచి చివరిదాకా విన్నానని చెప్పు. అది చాలు, వాడు వింటాడు.

చదివేవాళ్ళకూ ఒక మాట. ఆయన జీవితంలోంచి పిల్లలకు ఏదైనా అలవాటు చేయాలనుకుంటే లేచే వేళను వదిలేసి టెస్టు మ్యాచును పట్టుకోండి. సెలవు రోజున ఒక్క రోజు ఆట, మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా, ఫోను ఇంకో గదిలో పెట్టి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. క్రికెట్టు గిట్టకపోతే ఒక హరికథ, ఒక కచేరీ, ఒక పూర్తి నవల. ఇంట్లో ముసలివాళ్ళు ఏదైనా మొదలెడితే, అసలు సంగతి చెప్పు తాతయ్యా అని మధ్యలో తుంచకుండా చివరిదాకా వినమని పిల్లలకు చెప్పండి.